వైఫై కనెక్ట్ అయింది అంటుంది, నెట్ రాదు: సాయంత్రం పూటే, ఒక్కో ఫోన్‌కే ఎందుకు?

మేడగది అడిగిన ప్రశ్న

నమస్తే. ఖమ్మంలో జీ ప్లస్ వన్ ఇల్లు, 150 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. కింద హాల్లో కనెక్షన్ వాళ్లిచ్చిన ఫైబర్ మోడెమ్ ఉంది, వైఫై కూడా అందులోంచే. దాని లాన్ 1 నుంచి గోడ బయటగా ఓ 20 మీటర్ల లాన్ కేబుల్ పైకి లాగి పాత డ్యూయల్ బ్యాండ్ రూటర్‌కి పెట్టారు. ఆ రూటర్‌కి నీలం సాకెట్ (వాన్, బయటి నెట్ వచ్చేది) ఒకటి, పసుపు సాకెట్లు (లాన్, ఇంట్లో పరికరాలకి) నాలుగు. కేబుల్ పసుపు దాంట్లో ఉంది. కింద, పైన వైఫై పేరు, పాస్‌వర్డ్ ఒకటే.

సాయంత్రం ఆరు దాటి అందరూ ఇల్లు చేరేసరికి ఎవరో ఒకరి ఫోన్‌లో "కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు" అని వస్తుంది. పక్కనే ఉన్న ఇంకో ఫోన్‌లో వీడియో ఆడుతూనే ఉంటుంది. వైఫై ఆపి రెండు మూడు సార్లు వేస్తే వస్తుంది, ఒక్కోసారి రాదు. ఎక్కువగా పైనే, అప్పుడప్పుడు కింద ఉన్న ఫోన్లకీ ఇంతే. పై రూటర్ స్విచ్ ఆపి వేస్తే ఆ పూటకి అందరికీ బాగుంటుంది.

ప్రింటర్ కింద ఉంది. పై లాప్‌టాప్‌కి ఒకరోజు దొరుకుతుంది, మర్నాడు ఆఫ్‌లైన్ అంటుంది.

పైన లాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి చూసినా స్పీడ్ 94 దాటదు. కింద 150 వస్తోంది.

నెల కింద పై రూటర్ హ్యాంగ్ అవుతుంటే ఫ్యాక్టరీ రీసెట్ చేసి పేరు, పాస్‌వర్డ్ మళ్లీ పెట్టాం. తర్వాత ఇంకోసారి కూడా చేశాం. డీఎన్‌ఎస్ (సైట్ల పేర్లని అడ్రస్‌లుగా మార్చే సర్వర్) 8.8.8.8 పెట్టాం, తేడా లేదు. మోడెమ్ మీద ఫైబర్ కుదిరిందని చెప్పే పాన్ లైటు పచ్చగా నిలకడగా ఉంది, సిగ్నల్ పోతే వెలిగే ఎల్‌ఓఎస్ లైటు వెలగట్లేదు. పై రూటర్ పాతబడింది, మెష్ సెట్ (ఒకే వైఫైగా కలిసి పనిచేసే రూటర్లు) పెట్టుకోండి అంటున్నారు. కొనే ముందు ఏం చూడాలి?

పాన్‌లైటు జవాబు

మెష్ సంగతి పక్కన పెట్టండి. ముందు ఆ రీసెట్ అలవాటు ఆపండి. పై రూటర్ కాబట్టి పేరూ పాస్‌వర్డూ పెట్టుకుంటే లేచింది. అదే పిన్ను కింద మోడెమ్‌కి గుచ్చితే కనెక్షన్ వాళ్లిచ్చిన లాగిన్ (పీపీపీఓఈ యూజర్‌నేమ్), వాళ్ల లైనుకి పెట్టిన వీలాన్ నంబరు చెరిగిపోవచ్చు. చాలా మోడెముల్లో వాటిని పెట్టే పేజీ మనకి తెరుచుకోదు కూడా, మనిషి వచ్చేదాకా ఇల్లంతా చీకటే. స్విచ్ ఆపి వేయడం వేరు, రీసెట్ వేరు.

ఇప్పుడు తెగింది ఎక్కడో చూద్దాం. కింద మోడెమ్ వైఫైలో ఉండి బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టండి. అది కాకపోతే మోడెమ్ అడుగున స్టిక్కర్ మీద ఉన్న అడ్రస్. స్టేటస్ పేజీల్లో మూడు అంకెలు కావాలి.

మొదటిది డివైస్ అప్‌టైమ్, అంటే మోడెమ్ ఆగకుండా ఎంతసేపటి నుంచి నడుస్తోందో. నెట్ పోయిన ప్రతిసారీ ఇది సున్నా నుంచి మొదలవుతుంటే గొడవ కరెంటుది. 12 వోల్టుల అడాప్టర్‌లో కెపాసిటర్లు ముసలివైతే లోడు పడగానే వోల్టేజీ జారి మోడెమ్ తనంతట తానే రీబూట్ అవుతుంది. ఇన్వర్టర్ మీదికి మారే క్షణంలోనూ అంతే. అడాప్టర్‌ని విడిగా మల్టీమీటర్‌తో కొలిస్తే 12 చూపించి మోసం చేస్తుంది. మోడెమ్‌ని నడుపుతుండగానే కొలవాలి, లేదా వేరే అడాప్టర్ పెట్టి చూడాలి. వోల్టేజీ అదే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండొచ్చు, పిన్ను సైజు, లోపల ప్లస్ బయట మైనస్ అన్న గుర్తు రెండూ కలవాలి.

రెండోది వాన్ లేదా పీపీపీ అప్‌టైమ్, అంటే కనెక్షన్ వాళ్లతో లింకు తెగకుండా ఎంతసేపటి నుంచి ఉందో. డివైస్ రోజుల తరబడి నడుస్తూ ఇదొక్కటే గంటల్లో మళ్లీ మళ్లీ మొదలవుతుంటే ఫైబర్ లైను గానీ, అవతలి వాళ్ల సర్వర్ గానీ. ఇంట్లో మీరు ఎన్ని మార్చినా ఉపయోగం లేదు, కంప్లయింట్ పెట్టడమే.

మూడోది ఆప్టికల్ పేజీలో ఆర్ఎక్స్ పవర్, అంటే ఫైబర్‌లో మోడెమ్ దాకా చేరుతున్న వెలుగు బలం. ఇళ్లకి వచ్చే జీపాన్ అనే ఫైబర్ పద్ధతిలో మామూలుగా వాడే తరగతికి ఇది -8 నుంచి -27 డీబీఎం మధ్య ఉండాలి. మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతున్నట్టు. -25 దాటితే ఇవాళ నడిచినా వానాకాలంలో నమ్మకం లేదు. బీరువా వెనక ఫైబర్ మడత పడటం, స్తంభం దగ్గర జాయింట్, కనెక్టర్ కొన మీద దుమ్ము మామూలు కారణాలు. ఒక్కోసారి ఆకుపచ్చ కనెక్టర్‌కి నీలం కనెక్టర్ జత చేసేస్తారు. ఆకుపచ్చ దాని కొనకి 8 డిగ్రీల వాలు ఉంటుంది, నీలం దానికి ఉండదు. రెండూ సరిగ్గా ఆనవు, వెలుగు బాగా పోతుంది. ఊడిన ఫైబర్ కొనలోకి కన్ను పెట్టి మాత్రం చూడకండి. అందులో వచ్చేది 1490 నానోమీటర్ల వెలుగు, కంటికి కనిపించదు.

ఈ మూడూ బాగుంటే సమస్య ఇంట్లోనే. నా అనుమానం కూడా అటే, కాకపోతే అంకెలు చూశాకే మాట్లాడతా. నెట్ రాని ఫోన్ ఒకటి, వస్తున్న ఫోన్ ఒకటి పక్కపక్కన పెట్టుకుని, వైఫై పేరు పక్కనున్న గేరు గుర్తు నొక్కి రెండింటి ఐపీ అడ్రస్, గేట్‌వే (ఫోన్‌కి బయటికి దారి ఇచ్చే పెట్టె అడ్రస్) రాసి పెట్టండి. నెట్ లేని సమయంలోనే చూడాలి, వచ్చాక చూస్తే లాభం లేదు.

క్రింపింగ్‌టూల్ జవాబు

94 సంగతి నేను చెప్తా, అది వేరే జబ్బు.

94, 95 దగ్గర ఆగిందంటే ఎక్కడో లింకు 100 ఎంబీపీఎస్‌కి కుదిరింది. 100 లింకులో ప్యాకెట్ల పైచుట్టు ఖర్చు పోను చేతికొచ్చేది అంతే. 100కి రెండు జతల తీగలు చాలు: నారింజ, ఆకుపచ్చ. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. నీలం, గోధుమ జతల్లో ఒక్క తీగ ప్లగ్గులో సరిగ్గా కూర్చోకపోయినా లింకు 100కి దిగిపోతుంది, నెట్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కొన్ని పోర్టులు ఇంకా మొండివి. 1000కి ఒప్పుకుని, నడపలేక లింకు పడేస్తూ లేపుతూ ఉంటాయి.

కేబుల్‌ని తిట్టే ముందు ఒక పరీక్ష. పాత రూటర్లు చాలావాటికి పోర్టులే 100వి. పైకి వచ్చిన కేబుల్‌ని రూటర్ నుంచి పీకి నేరుగా లాప్‌టాప్‌కి పెట్టండి. విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్, ఈథర్‌నెట్ పేజీలో లింక్ స్పీడ్ కనిపిస్తుంది. 1000/1000 అంటే కేబుల్ బాగుంది, తప్పు పై రూటర్ పోర్టుది. 100/100 అంటే కేబుల్‌దో, ప్లగ్గులదో. లాప్‌టాప్ పోర్టు గిగాబిట్‌ది అవునో కాదో అదే లాప్‌టాప్‌ని చిన్న ప్యాచ్ కేబుల్‌తో కింద మోడెమ్‌కి పెట్టి చూసుకోండి. అక్కడా 100 అంటే పైన చేసిన పరీక్షకి విలువ లేదు.

కేబుల్‌దే అయితే లాన్ టెస్టర్ పెట్టండి. 1 నుంచి 8 దాకా లైట్లు రెండు చివర్లా వరుసగా వెలగాలి. 4, 5, 7, 8లో ఏదైనా ఎగిరిపోతే జబ్బు దొరికినట్టే. రెండు ప్లగ్గులూ కోసి కొత్తవి కొట్టండి. కొక్కెం కిందివైపు, బంగారు పళ్లు మీకు ఎదురుగా పైకి పెట్టుకుంటే ఎడమ నుంచి కుడికి వరుస ఇది: నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, ఆకుపచ్చ, గోధుమ తెలుపు, గోధుమ. చాలామంది తప్పేది మూడో జత దగ్గర. ఆకుపచ్చ జతని పక్కపక్కన పెట్టేస్తారు. అది 3, 6 స్థానాల్లో విడిపోయి ఉండాలి. రెండు చివర్లా అదే తప్పు చేస్తే టెస్టర్ అన్ని లైట్లూ వేస్తుంది, కానీ తీగలు తప్పు జోడీతో మెలిపడి ఉండటం వల్ల 20 మీటర్ల మీద లింకు తడబడుతుంది.

పై తొడుగు 25 మిల్లీమీటర్లు ఒలిచి, తీగలు సాపు చేసి వరుస పెట్టి, 13 మిల్లీమీటర్ల దగ్గర ఒక్క కోతతో సమంగా కోయండి. ప్లగ్గులోకి తోశాక ఎనిమిది కొనలూ ముందు గోడకి తగిలినట్టు కనిపించాలి, తొడుగు కూడా లోపలికి వెళ్లి నొక్కుడు కింద పడాలి. తొడుగు బయటే ఉండిపోతే ఆరు నెలల్లో మళ్లీ ఇదే కథ.

ఇంకొక్కటి, కోసిన ముక్కలో ఒక తీగని బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా వస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. ఎండకి, వంపులకి త్వరగా విరుగుతుంది, టెస్టర్‌కి ఆ తేడా తెలియదు. అలా అయితే ప్లగ్గులు మార్చి తిప్పలు పడొద్దు, పూర్తి రాగి క్యాట్ 6, బయట వాడే నల్ల తొడుగుది 25 మీటర్లు వేయించండి. గోడలోకి దూరే చోట కేబుల్‌ని కిందికి ఒక వంపు తిప్పి పైకి తెస్తే వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. కరెంటు వైర్ల పైపులో మాత్రం దూర్చనివ్వకండి.

నాలుగుబార్లు జవాబు

ఇంత అవసరమా అండీ? డీఎన్‌ఎస్ 8.8.8.8 బదులు 1.1.1.1 పెట్టి చూడండి. కాకపోతే కింద, పైన వైఫై పేర్లు వేరు చేసేయండి. దాంతో చాలావరకు పోతుంది.

పాన్‌లైటు జవాబు

నాలుగుబార్లు గారూ, డీఎన్‌ఎస్ తప్పో కాదో అర నిమిషంలో తేలుతుంది. లాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి మూడు పింగ్‌లు (అవతలిది పలుకుతుందా అని పంపే చిన్న పలకరింపులు) ఇదే వరుసలో కొట్టాలి: ముందు గేట్‌వేకి, తర్వాత 8.8.8.8కి, తర్వాత ఏదైనా వెబ్‌సైట్ పేరుకి. గేట్‌వేనే పలక్కపోతే వైఫై గానీ కేబుల్ గానీ. గేట్‌వే పలికి 8.8.8.8 పలక్కపోతే ఆ గేట్‌వే నుంచి బయటికి దారి లేదు. రెండూ పలికి పేరు ఒక్కటే పలక్కపోతే అప్పుడు డీఎన్‌ఎస్. ఇక్కడ పక్కపక్క ఫోన్లలో ఒకదానికి ఉంది, ఒకదానికి లేదు. వేరే డీఎన్‌ఎస్ పెడితే దారి పుట్టదు.

పేర్లు వేరు చేస్తే జబ్బు దాక్కుంటుంది, పోదు. కిందున్న ఫోన్లకీ వస్తోందన్నారుగా.

మేడగది

అడిగినవన్నీ చూశాను.

డివైస్ అప్‌టైమ్ 11 రోజులు, పీపీపీ కూడా 11 రోజులు. ఆర్ఎక్స్ పవర్ -20.8.

నిన్న రాత్రి నెట్ వస్తున్న ఫోన్‌లో ఐపీ 192.168.1.14, గేట్‌వే 192.168.1.1. రాని ఫోన్‌లో ఐపీ 192.168.0.103, గేట్‌వే 192.168.0.1. రాని స్థితిలోనే లాప్‌టాప్ నుంచి పింగ్ కొడితే 192.168.0.1 పలికింది, 8.8.8.8 పలకలేదు.

పైకొచ్చిన కేబుల్ నేరుగా లాప్‌టాప్‌కి పెడితే 100/100. అదే లాప్‌టాప్ కింద మోడెమ్ దగ్గర 1000/1000.

పాన్‌లైటు జవాబు

దొరికింది. మీ ఇంట్లో అడ్రస్‌లు పంచే పెద్దమనుషులు ఇద్దరున్నారు.

వైఫైలో చేరిన ప్రతి ఫోన్ "నాకో అడ్రస్ ఇవ్వండి" అని నెట్‌వర్క్ మొత్తానికి వినపడేలా అరుస్తుంది. దానికి జవాబిచ్చే పని డీహెచ్‌సీపీది, ఒక ఇంట్లో అది ఒక్కటే ఉండాలి. కింద మోడెమ్‌లో ఒకటి ఉంది. మీరు ఫ్యాక్టరీ రీసెట్ కొట్టగానే పై రూటర్‌లోనూ ఒకటి లేచింది. మొదట అమర్చినవాళ్లు దాన్ని ఆపి ఉంటారు, అందుకే కేబుల్ పసుపు సాకెట్‌లో పెట్టారు. రీసెట్ ఆ అమరికని తుడిచేసింది.

కొత్తగా చేరే ఫోన్ సాధారణంగా ఎవరి జవాబు ముందు చేరితే దాన్నే పట్టుకుంటుంది. మోడెమ్ నుంచి వస్తే 192.168.1 వరుస అడ్రస్, నెట్ ఉంటుంది. పై రూటర్ నుంచి వస్తే 192.168.0 వరుస, గేట్‌వే పై రూటరే. దాని నీలం సాకెట్ ఖాళీ కాబట్టి బయటికి దారి లేదు. అడ్రస్ వచ్చింది గనుక ఫోన్ "కనెక్ట్ అయింది" అంటుంది, బయటికి పోలేక "ఇంటర్నెట్ లేదు" అంటుంది. రెండూ నిజమే.

సాయంత్రమే ఎందుకంటే బయటికి వెళ్లిన ఫోన్లన్నీ అప్పుడే తిరిగి చేరి అడ్రస్ అడుగుతాయి. ఇంట్లోనే ఉన్న టీవీ పాత అడ్రస్‌తో హాయిగా నడుస్తుంది. పైన ఎక్కువ ఎందుకంటే పై రూటర్ జవాబు అక్కడి ఫోన్లకి దగ్గర. స్విచ్ ఆపి వేస్తే ఎందుకు బాగుపడుతుందంటే అది లేచేలోపు ఫోన్లన్నీ కింద వైఫైకి ఎక్కి మోడెమ్ దగ్గరే అడ్రస్‌లు తీసేసుకుంటాయి. ప్రింటర్ గొడవా ఇదే. ప్రింటర్ ఒక వరుసలో, లాప్‌టాప్ ఇంకో వరుసలో పడ్డ రోజు ఒకదానికొకటి కనపడవు.

పై రూటర్‌ని ఉత్త యాక్సెస్ పాయింట్‌గా, అంటే అడ్రస్‌లు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చే పెట్టెగా మార్చాలి. కింద రాసిన వరుస తప్పకండి, తప్పితే మధ్యలో బయట చిక్కుకుంటారు.

ముందు కింద మోడెమ్‌లో లాన్ లేదా డీహెచ్‌సీపీ పేజీకి వెళ్లి అడ్రస్‌ల పరిధి చూడండి. చాలావాటిలో 192.168.1.2 నుంచే మొదలవుతుంది. దాన్ని 192.168.1.50 నుంచి 192.168.1.200 దాకా చేయండి. 2 నుంచి 49 వరకు మన చేతిలో ఉంటాయి.

తర్వాత పై రూటర్ నుంచి కిందికి వెళ్లే కేబుల్ పీకేయండి. లాప్‌టాప్ వైఫై ఆపి, వేరే చిన్న కేబుల్‌తో పై రూటర్ పసుపు సాకెట్‌కి పెట్టి 192.168.0.1 తెరవండి. ఆపరేషన్ మోడ్ అన్న పేజీలో యాక్సెస్ పాయింట్ అన్న ఎంపిక ఉంటే అది నొక్కి సేవ్ చేయండి. రూటర్ రీబూట్ అయి మిగతా పని అదే చూసుకుంటుంది. ఆ మోడ్‌లో కొన్ని మోడళ్లు కేబుల్ నీలం సాకెట్‌లోనే పెట్టమంటాయి, సేవ్ చేసే ముందు ఆ పేజీలో రాసింది చదవండి.

ఆ ఎంపిక లేకపోతే చేత్తో చేయాలి. ముందు లాన్ ఐపీని 192.168.0.1 నుంచి 192.168.1.2కి మార్చి సేవ్ చేయండి, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 అలాగే ఉంచండి. రూటర్ రీబూట్ అవుతుంది. లాప్‌టాప్ కేబుల్ ఒకసారి తీసి పెట్టి, ఈసారి 192.168.1.2 తెరిచి డీహెచ్‌సీపీ సర్వర్‌ని ఆపి సేవ్ చేయండి. డీహెచ్‌సీపీ ముందు ఆపేశారనుకోండి, లాప్‌టాప్‌కి అడ్రస్ ఇచ్చే దిక్కు లేక 169.254తో మొదలయ్యే అడ్రస్ వేసుకుని కూర్చుంటుంది, రూటర్ పేజీ తెరుచుకోదు. అలా జరిగితే రీసెట్ కొట్టనక్కర్లేదు. లాప్‌టాప్ ఈథర్‌నెట్‌కి చేత్తో ఐపీ ఇస్తే చాలు. రూటర్ ఇంకా 192.168.0.1 దగ్గరే ఉంటే 192.168.0.10, మారిపోయి ఉంటే 192.168.1.10. పని అయ్యాక మళ్లీ ఆటోమేటిక్‌కి మార్చడం మర్చిపోవద్దు.

అదే ఊపులో అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చేయండి, రీసెట్ తర్వాత అది ఫ్యాక్టరీదే ఉంటుంది.

ఇప్పుడు కింది నుంచి వచ్చిన కేబుల్ మళ్లీ పసుపు సాకెట్‌లో పెట్టండి. చేత్తో చేసిన పద్ధతిలో నీలం సాకెట్ ఖాళీగానే ఉండాలి. ఫోన్లన్నిట్లో వైఫై ఒకసారి ఆపి వేయండి. అన్నిటికీ 192.168.1.50 పైన అడ్రస్‌లు రావాలి, గేట్‌వే 192.168.1.1 ఒక్కటే. ఏ ఫోన్‌లోనైనా ఇంకా 192.168.0 కనిపిస్తే ఆ నెట్‌వర్క్‌ని ఫర్గెట్ చేసి మళ్లీ చేర్చండి.

కేబుల్ నీలం సాకెట్‌కి మారిస్తే సరిపోదా అని ఎవరైనా అడగొచ్చు. నెట్ అయితే వస్తుంది. కానీ పై అంతస్తు ఇంకో గోడ వెనక పడుతుంది. పైనున్న లాప్‌టాప్ ప్రింటర్‌ని తనంతట తాను వెతుక్కోలేదు, కిందున్న టీవీకి పై ఫోన్ నుంచి వీడియో పంపలేరు. ఒకే ఇల్లు కాబట్టి ఒకే నెట్‌వర్క్ మేలు. పైన అద్దెకి వేరేవాళ్లు ఉంటే మాత్రం నీలం సాకెట్టే సరైనది.

కొత్తగూడెం_నెట్ ప్రశ్న

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నాది ఒకటే రూటర్, పీపీపీఓఈ రూటర్‌లోనే పెట్టాను. పింగ్‌లు మూడూ పలుకుతాయి, యూట్యూబ్ ఆడుతుంది, కొన్ని సైట్లు మాత్రం తెల్ల పేజీతో తిరుగుతూనే ఉంటాయి. అదే సైట్లు ఫోన్ డేటాలో వెంటనే వస్తాయి. ఇదీ ఇలాంటిదేనా?

పాన్‌లైటు జవాబు

కాదు, మీది ఎంటీయూ (ఒక ప్యాకెట్‌కి ఉండే గరిష్ఠ సైజు) గొడవ లాగా ఉంది. ఈథర్‌నెట్ ప్యాకెట్‌లో 1500 బైట్లు పడతాయి, పీపీపీఓఈ అందులో 8 తినేస్తుంది, మిగిలేది 1492. రూటర్ వాన్ పేజీలో ఎంటీయూ 1500 ఉంటే చిన్న ప్యాకెట్లు పోతాయి, నిండు ప్యాకెట్లు దారిలో ఆగిపోతాయి. పింగ్ చిన్నది కాబట్టి అది ఎప్పుడూ బాగున్నట్టే చెబుతుంది.

విండోస్‌లో పింగ్‌ని ముక్కలు చేయొద్దు అనే ఎఫ్ ఆప్షన్‌తో, సైజు చెప్పే ఎల్ ఆప్షన్‌కి 1464 ఇచ్చి 8.8.8.8కి కొట్టండి. ఆ 1464కి హెడర్లు 28 కలిపితే 1492. ఇది పలికి 1472 పలక్కపోతే వాన్ ఎంటీయూ 1492 పెట్టండి. 1464 కూడా పలక్కపోతే పదేసి తగ్గిస్తూ పలికే అంకె పట్టుకుని దానికి 28 కలపండి. రూటర్‌లో ఎంఎస్‌ఎస్ క్లాంపింగ్ (ప్యాకెట్లు ఆ సైజు దాటకుండా చూసేది) అన్న టిక్కు ఉంటే వేసి ఉంచండి.

అంతకన్నా ముందు లాప్‌టాప్ తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి తేదీ వెనక్కి పోతే సెక్యూర్ సైట్లు తెరుచుకోవు. అయితే అప్పుడు తెల్ల పేజీ బదులు సర్టిఫికెట్ హెచ్చరిక వస్తుంది.

మేడగది

పై రూటర్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ లేదు, చేత్తోనే చేశాను. మూడు రోజులుగా ఏ ఫోన్‌లోనూ "ఇంటర్నెట్ లేదు" రాలేదు. ప్రింటర్ పైనుంచి దొరుకుతోంది. పైచివర ప్లగ్గులో గోధుమ తీగ లోపలిదాకా వెళ్లలేదు. రెండు ప్లగ్గులూ మార్చాక 1000/1000 చూపిస్తోంది, స్పీడ్ 150 వస్తోంది. గీకి చూశాను, రాగే.

ఒక్కటే మిగిలింది. మెట్లెక్కి పైకి వచ్చినా ఫోన్ కింది వైఫైనే పట్టుకుని వేలాడుతుంది. పై రూటర్ పక్కన కూర్చున్నా ఒక్కోసారి ఒక బారే.

బీరువావెనక జవాబు

ఎప్పుడు మారాలో నిర్ణయించేది ఫోనే, రూటర్ కాదు. పాత సిగ్నల్ మరీ పాడైతే తప్ప ఫోన్ కదలదు. కింద మోడెమ్ 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ స్లాబు దాటి పైకి కొంచెం వస్తుంది చూడండి, ఫోన్ పట్టుకునేది ఆ కొంచెమే. దాన్ని తగ్గించాలి. మోడెమ్ వైఫై పేజీలో 2.4కి ట్రాన్స్‌మిట్ పవర్ ఉంటే 100 శాతం నుంచి 50కో, మీడియంకో దించండి. 5 గిగాహెర్ట్జ్‌ది కదపొద్దు, అది ఎలాగూ స్లాబు దగ్గర చాలావరకు చచ్చిపోతుంది.

ఫోన్‌లో వైఫై అనలైజర్ యాప్ వేసుకుని డీబీఎం చూడండి, బార్లని నమ్మకండి. -50 దగ్గర బ్రహ్మాండం, -67 దాకా వీడియో కాల్ ఇబ్బంది లేదు, -75 దాటితే కనెక్షన్ పేరుకే. కింద పవర్ తగ్గించాక పై గది మధ్యలో నిలబడితే కింది వైఫై -75 కన్నా బలహీనంగా, పైది -60 కన్నా మెరుగ్గా కనిపించాలి. అప్పుడు ఫోన్ దానంతట అదే మారుతుంది.

ఛానళ్లు రెండింటికీ ఆటోలో వదలొద్దు. 2.4లో ఒకదానిమీద ఒకటి పడనివి 1, 6, 11 మాత్రమే. కింద 1, పైన 11 పెట్టి, రెండింట్లోనూ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చేయండి. 40 పెడితే పక్కింటి వైఫైతో కలిపి అందరూ ఒకే సందులో తోసుకోవాలి. 5లో కింద 36, పైన 149, వెడల్పు 80. మధ్యలో 52 నుంచి 144 దాకా ఉన్నవి రాడార్లతో పంచుకునే ఛానళ్లు. రాడార్ వినపడితే రూటర్ ఉన్నపళంగా ఛానల్ ఖాళీ చేయాలి, వాడటం మొదలుపెట్టే ముందు కనీసం ఒక నిమిషం వినాలి. ఇంట్లో ఎందుకా తలనొప్పి.

సెక్యూరిటీ రెండు చోట్లా ఒకే రకం, డబ్ల్యూపీఏ2 ఏఈఎస్. పాత రూటర్లలో రీసెట్ తర్వాత పాత రకం సెక్యూరిటీ టీకేఐపీ గానీ, రెండూ కలిపినది గానీ పడుతుంది. టీకేఐపీలో చేరిన ఫోన్ 54 ఎంబీపీఎస్ లింకు దాటలేదు, మీరు 150 ప్లాను తీసుకున్నా 300 తీసుకున్నా.

పై రూటర్ ఎక్కడ పెట్టారో చెప్పలేదు. ఇనప బీరువా పక్కన గానీ, నిలువుటద్దం వెనక గానీ, టీవీ వెనక గానీ ఉంటే పైన చెప్పినవన్నీ సగం దండగ. ఛాతీ ఎత్తులో, గది మధ్యకి దగ్గరగా, చుట్టూ జానెడు ఖాళీ ఉండేలా పెట్టండి, యాంటెన్నాలు నిలువుగా. నిలువు యాంటెన్నా సిగ్నల్ అడ్డంగా, అదే అంతస్తులో పరుచుకుంటుంది. ఇక్కడ మనకి కావలసింది అదే.

ప్రింటర్‌కి మోడెమ్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ పేజీకి వెళ్లి దాని మ్యాక్ అడ్రస్‌కి (ప్రతి పరికరానికి ఉండే సొంత గుర్తింపు నంబరు) 192.168.1.60 కట్టేయండి. లేకపోతే ఏదో ఒకరోజు అడ్రస్ మారి, లాప్‌టాప్ పాత అడ్రస్‌కే ప్రింట్లు పంపుతూ మళ్లీ ఆఫ్‌లైన్ అంటుంది. చాలా ప్రింటర్లకి 5 గిగాహెర్ట్జ్ పట్టదు, కాబట్టి మోడెమ్‌లో 2.4ని ఆపేయకుండా పవర్ మాత్రమే తగ్గించండి.